చీపురుపుల్ల కొలత

నా చిన్నప్పుడు మా తాతయ్యకు ఒక చిన్న తెరచాప పడవ ఉండేది. మా ఇంట్లో దాని గురించి ఒక మనిషి గురించి మాట్లాడుకున్నట్టే మాట్లాడుకునేవారు. వానాకాలంలో దానికి ఒళ్లు బాగోలేదనేవారు. ఎండాకాలంలో దానికి దాహం వేస్తుందనీ, చెక్క బీటలు వారకుండా తడిపి రావాలనీ అనేవారు. మా అమ్మమ్మ అయితే దాన్ని సవతి అని పిలిచేది. తాతయ్య రేవులో లాంచీ నడిపే సరంగుగా పనిచేసి రిటైరయ్యాడు. గోదావరి జిల్లా నుంచి కుర్రతనంలో ఈ ఊరొచ్చి, వన్ టౌన్‌లో రేవుకు దిగే సందుల్లో ఒకదానిలో కాపురం పెట్టి, మళ్లీ వెనక్కి వెళ్లలేదు. ఎవరో కట్టెలకింద అమ్మేయబోతున్న పాత పడవను ఆయన ఇంటికి తెచ్చుకుని, చెక్క తరవాత చెక్క మార్చి బతికించాడు.

ఆ పడవ కట్టడం గురించి ముందుగా నాలుగు మాటలు చెప్పాలి. చెప్పకపోతే మిగిలినది అర్థం కాదు. విషయం వివరించకుండా గొప్ప అనుభవమంటూ రాసే వాళ్లంటే నాకు మొదటినుంచీ మంట. పడవ అడుగున నడిమధ్య ఒక చీలిక ఉంటుంది. ఆ చీలిక మీద, పడవ లోపల, రెండు చెక్క గోడలతో ఇరుకైన గూడు కట్టి ఉంటుంది. ఆ గూట్లోంచి ఒక దళసరి పలక నీళ్లలోకి దిగుతుంది. గాలి పక్కనుంచి తోసినా పడవ పక్కకు జారిపోకుండా నిలబెట్టేది ఆ పలకే. లోతు తక్కువైన చోటికి వచ్చినప్పుడు తాడు లాగితే పలక పైకి తిరిగి గూట్లోకి వచ్చేస్తుంది. ఇదంతా తిరిగేది ఒకే ఒక్క కడ్డీ మీద. ఒక గోడలో మొదలై, పలకలోంచి దూరి, రెండో గోడలో తేలే వేలెడు కడ్డీ. దాన్ని మేము పిన్ను అనేవాళ్లం.

ఆ పిన్ను దగ్గర నీరు కారేది. గూడు నిండా సముద్రపు నీరే ఉంటుంది కనుక, పిన్ను కన్నం వదులైతే ఆ నీరు పడవలోకి ఊరుతుంది. తాతయ్య దానికి చాలాకాలం తారూ గోనెపీచూ కలిపి కుక్కుతూ వచ్చాడు. కొన్నాళ్లు ఆగేది, మళ్లీ ఊరేది. నీళ్లు తోడి పోయడానికి పడవలో ఎప్పుడూ ఒక డబ్బా ఉండేది. ఆ డబ్బా నా ఉద్యోగం.

పక్కింటి అక్క లేకపోతే ఆ ఊట అలాగే సాగిపోయేదేమో. అక్కవాళ్లది ఆనందపురం దాటాక లోపలి పల్లె. వాళ్ల నాన్న, నేను బాబాయి అని పిలిచే మనిషి, వ్యవసాయం అన్నలకు వదిలేసి రేవు యార్డులో పనికి చేరాడు. సరుకు రైలుబళ్ల వరస వెంట నడుస్తూ, వదులైన నట్టు కనిపిస్తే బిగించుకుంటూ పోవడం ఆయన పని. అందుకని ఆయన జేబులో ఎప్పుడూ ఒక చిన్న పానా ఉండేది. మా సందులో తలుపు గొళ్లెం కదిలినా, సైకిల్ చక్రం ఊగినా, ఎవరూ అడగకుండానే బాబాయి వచ్చి బిగించి వెళ్లిపోయేవాడు. మంచి మనిషి. కాని ఆయన ఏ పనిని చూసినా, ఏ మనిషిని చూసినా, ఎక్కడ వదులుగా ఉందా అని చూసేవాడు.

అక్క అప్పుడు కాలేజీలో చదువుతోంది. తాతయ్య వెంట నాతో పాటు పడవెక్కి, నాకంటే ఎంతో ముందు చుక్కాని పట్టడం నేర్చేసుకుంది. గాలి ఎటు మళ్లుతుందో ఆమె బుగ్గకి ముందే తెలిసిపోతుందని తాతయ్య అనేవాడు. ఆ ఏడు రేవు లోపల జరిగే తెరచాపల పందెంలో తన బదులు అక్క చుక్కాని పట్టాలనీ, తాను తెర చూసుకుంటాననీ ఆయన నిర్ణయించాడు. అక్క వారం రోజులు నేలమీద నడవలేదు. తరవాత బాబాయికి తెలిసింది.

ఆయన కేకలు వేయలేదు. వెయ్యడు కూడా. మా వీధి అరుగుమీద కూర్చుని, తాను మోకాలి లోతు నీళ్లకు మించి ఎప్పుడూ దిగలేదనీ, తన కూతురు ఎక్కే పడవలోకి నీళ్లు వస్తున్నాయని సందంతా చెప్పుకుంటున్నారనీ, ముందు ఆ సంగతి తేలాలనీ చెప్పాడు. పందేనికి ముందురోజు తానే ఆ పడవెక్కి కూర్చుంటానన్నాడు. "నా పాదం తడిసిందా, పందెం మాట ఇంక ఎత్తొద్దు. పడవ మాట కూడా ఎత్తొద్దు" అని అక్కకేసి చూసి చెప్పాడు. అక్క తల ఊపింది. ఆ పూట అన్నం తినలేదు.

రోజూ బుట్టతో వచ్చే జాలరిపేట చేపలమ్మకు ఈ సంగతి ఎలా తెలిసిందో తెలియదు. మర్నాడు మా గుమ్మంలో బుట్ట దించుతూనే అందుకుంది. "మా పడవలకి పిన్నూ లేదు, పలకా లేదు. మునిగిపోతన్నాయేటి సరంగు బాబూ? నువ్వు లాంచీలు నడిపినోడివి, నీ పడవకి దాహమేటి?" అని మా తాతయ్యను నిలదీసింది. తాతయ్య నవ్వి, ఇవాళ కానాగంత చేపలు మెత్తబడ్డాయేమిటని అడిగి ఆమె నోరు మూయించాడు.

ఆ రోజే తాతయ్య మా ఇద్దరినీ పిలిచి, ఈసారి తారు లేదు, పిన్ను బయటికి తియ్యాలన్నాడు. పని మీరే చెయ్యాలి, నేను తెర కుట్టుకుంటూ పక్కన కూర్చుంటానన్నాడు. లాంచీలు ఆగే మెట్ల పక్కన రాళ్లు పరిచిన వాలు ఒకటి ఉంది. అక్కడ పడవను పక్కకు ఒరగదీసి, గోనెల మీద పడుకోబెట్టి, ఏళ్ల తరబడి పేరుకున్న తారంతా గీకాం. పిన్ను సుత్తి దెబ్బలకు కొంచెం కొంచెంగా జరిగి, చివరికి బయటపడింది. రెండు కొసలూ నిక్షేపంగా ఉన్నాయి. మధ్యలో మాత్రం, పలక ఇన్నేళ్లూ తిరిగిన చోట, నడుము సన్నబడిపోయి ఉంది. మేము ఎప్పుడూ కొసల దగ్గరే కుక్కుతూ వచ్చాం. అరిగింది మధ్యలో.

తాతయ్య ఆ పిన్నును అరచేతిలో దొర్లించి, కొత్తది ఎలా ఉండాలో చెప్పాడు. కడ్డీ ఇత్తడిది, ఒక కొసన తలకాయ, రెండో కొసన మర, నట్టు. నట్టు గట్టిగా బిగిస్తేనే నీరు ఆగుతుంది. కాని గట్టిగా బిగిస్తే రెండు గోడలూ దగ్గరికి వచ్చి మధ్యనున్న పలకను నొక్కేస్తాయి. అప్పుడు పలక దిగదు, లేవదు. గోడలకి బిగువు కావాలి, పలకకి వదులు కావాలి. ఒకే పిన్ను రెండు పనులూ చెయ్యాలి. దీనికి మార్గం ఒక ఇత్తడి గొట్టం. పిన్ను మీద తొడిగి, గోడకూ గోడకూ మధ్య సరిగ్గా పట్టేటంత గొట్టం. పలక కన్నాన్ని పెద్దది చేసి ఆ గొట్టం మీద తిరగనిస్తే, నట్టు బిగువంతా గొట్టం మోస్తుంది, పలక మీద పడదు. గొట్టం ఒక్క పిసరు పొడుగైతే గోడలు ఆనక నీరు కారుతుంది. ఒక్క పిసరు పొట్టైతే పలక పట్టేస్తుంది. కాబట్టి పని అంతా కొలతలో ఉంది.

కొలతకు ఆయన టేపు వాడనిచ్చేవాడు కాదు. ఇరుకు సందులో టేపు వంగుతుంది, వంగినదాన్ని కన్ను సరిదిద్దుకుంటుంది, ఆ సరిదిద్దుకున్న దాన్ని నోరు అంకెగా చెబుతుంది, అక్కడికి మూడు చేతులు మారిపోయిందనేవాడు. ఆయన పద్ధతి చీపురుపుల్ల. కొబ్బరి ఈనెల చీపురులోంచి గట్టి పుల్ల మొదలు తీసుకుని, సందులో పెట్టి, బ్లేడుతో కొద్దికొద్దిగా కోసుకుంటూ, అది జారకుండా వంగకుండా నిలిచేదాకా చూడాలి. ఆ పుల్లే కొలత. లేతు మిషను మీద ఇత్తడి చెక్కే మేస్త్రి చేతిలో ఆ పుల్ల పెడితే చాలు, అంకె అక్కర్లేదు. తాతయ్య పాత లాంచీ మీద వాళ్లంతా అలాగే చేసేవారట.

పలకను తీసి పక్కన పెట్టాం. సాయంత్రమైపోయింది కనుక కొలవడం మర్నాటికి వాయిదా వేసుకున్నాం. అప్పటికే లేతు మేస్త్రి కొత్త కడ్డీకి మర తీసి ఇచ్చేశాడు. అది ఎక్కడైనా పోతుందని అక్క దాన్ని గోడల కన్నాల్లో దూర్చి, నట్టును వేళ్లతో ఒక చుట్టు తిప్పి వదిలేసింది. మర్నాడు పొద్దున్నే మేము వెళ్లి, అడుగు చీలికలోంచి పిన్ను పక్కగా పుల్ల పెట్టి, కోసి, మళ్లీ పెట్టి, మళ్లీ కోసి, చివరికి నిలబెట్టాం. చిటికెన వేలితో తడితే కదలలేదు. అక్క ఆ పుల్లను జడలో పువ్వులా దోపుకుంది.

లేతు మేస్త్రి దుకాణం పాత ఇత్తడి సామాన్ల వరసలో ఉండేది. మనిషి పనిమీద ఉన్నప్పుడు మాట్లాడడు. పుల్ల అందుకుని, కంటి దగ్గర పెట్టుకుని చూసి, ఇత్తడి గొట్టం ఒకటి మిషనుకు పట్టించాడు. బంగారపు రవ్వలు రాలుతుంటే అక్కా నేనూ కళ్లార్పకుండా చూశాం. పని అయ్యాక పుల్లా గొట్టమూ రెండూ ఒకే కాగితంలో చుట్టి ఇచ్చాడు. పందెం ఇంకా మూడు రోజులుంది. ఆ గొట్టాన్ని నేను దారంతా చేతిలో పట్టుకునే నడిచాను. ఇత్తడి వెచ్చబడిపోయింది.

మర్నాడు అన్నీ కూర్చి నట్టు బిగించాం. అడుగు చీలికకు గోనె కుక్కి, గూట్లో నీళ్లు పోసి చూశాం. ఒక్క చుక్క ఊరలేదు. అక్క కళ్లలో నీళ్లు తిరిగాయి. అప్పుడు తాతయ్య కుట్టు పని మీంచి తల ఎత్తకుండానే, పలక తాడు లాగి చూడమన్నాడు. లాగాను. రాలేదు. అక్క లాగింది. రాలేదు. ఇద్దరం కాళ్లు తన్నిపెట్టి లాగితే పలక మూలిగి, గోరంత కదిలి, ఆగిపోయింది. నట్టు వదులు చేస్తే పలక తిరుగుతోంది, నీరు కారుతోంది. బిగిస్తే నీరు ఆగుతోంది, పలక పట్టేస్తోంది. గొట్టం పొట్టి.

నాకు అన్యాయమంటే అప్పటికే పడదు. ఆ మేస్త్రి కొలత తప్పాడనీ, ఇప్పుడే పోయి కడిగేస్తాననీ లేచాను. మాట్లాడని మనుషులు ఇలాగే చేస్తారని కూడా అన్నట్టు గుర్తు. అక్క నా వెనకే బయలుదేరింది. బాబాయి డ్యూటీ దిగి అటే వచ్చి, చేతులు కట్టుకుని ఇదంతా చూస్తున్నాడు. ఆయన చూపు పడగానే అక్క చేతిలోంచి సుత్తి జారి రాళ్ల మీద పడింది. ఎప్పుడూ అంతే. వాళ్ల నాన్న గట్టున నిలబడితే చాలు, అక్క చేతులకు తాళ్లు చిక్కుపడేవి, ముళ్లు విడిపోయేవి. ఇది పని చేసే తీరేనా అన్నట్టు బాబాయి ముఖం మరింత బిగుసుకునేది.

తాతయ్య నన్ను ఆపలేదు. వెళ్లు గాని, వెళ్లేముందు ఒక పని చేసి వెళ్లమన్నాడు. గొట్టాన్ని బయటికి తీసి, కాగితంలో ఉన్న పుల్లను దాని పక్కన పెట్టమన్నాడు. పెట్టాను. రెండూ అచ్చు సమానం. గోటితో రెండు కొసలూ తడిమి చూశాను. మెట్టు లేదు. మేస్త్రి నేను ఇచ్చిన కొలతకు నేను అడిగిందే చేసి ఇచ్చాడు. నా కోపానికి ఉన్నట్టుండి నిలబడే చోటు లేకుండా పోయింది.

"ఇప్పుడా పుల్లని నిన్నటి చోటే పెట్టు" అన్నాడు తాతయ్య.

పిన్నూ పలకా తీసేసి ఉన్నాయి. గోడలు రెండూ ఊరికే నిలబడి ఉన్నాయి. అడుగు చీలికలోంచి పుల్లను పాత చోటే పెట్టి వేలు తీశాను. పుల్ల నిలవలేదు. గూట్లోంచి జారి రాళ్ల మీద పడి, చిన్న చప్పుడు చేసింది. మళ్లీ పెట్టాను. మళ్లీ పడింది. కొలిచినప్పుడు కదలకుండా నిలిచిన పుల్ల, అదే చోట, అదే గోడల మధ్య, ఇప్పుడు నిలవడం లేదు. ఆ చిన్న చప్పుడు నాకు ఈనాటికీ వినిపిస్తుంది. కొలత తప్పలేదు, కొలిచిన వాళ్లు తప్పలేదు, చేసిన వాడు తప్పలేదు. మరి తప్పు ఎక్కడుంది?

అక్కే ముందు గ్రహించింది. మేము కొలిచినప్పుడు పిన్ను గోడల్లోనే ఉంది, కాని తాను నట్టును వేళ్లతో ఒక చుట్టే తిప్పానని చెప్పింది. "నాను పానా తగల్నీలేదు తాతా. ఒట్టు." బాబాయి గొంతు సవరించుకున్నాడు.

"నానే బిగించేను" అన్నాడు. "నిన్న పొద్దున్న మీరు రాకముందు, డ్యూటీకి ఎల్తంటే, నట్టు ఊగతా కనబడింది. వదులుగా ఉందికదాని బిగించేసి పోయేను. బాగానే బిగించేను."

ఆ చివరి మాట అనేటప్పుడు ఆయన జేబుమీద చెయ్యి వేసుకున్నాడు. ఎవరూ అడక్కుండా, ఎవరికీ చెప్పకుండా, మంచికే చేశాడు. మధ్యలో పలక లేని గోడలు ఆ బిగింపుకు లోపలికి వంగాయి. వంగిన గోడల మధ్య మేము పుల్ల కోశాం. నట్టు తియ్యగానే గోడలు తమ చోటికి తాము వెళ్లిపోయాయి.

అక్క కోప్పడుతుందని చూశాను. తాతయ్య ఏదో ఒకటి అంటాడని చూశాను. ఆయన చీపురులోంచి ఇంకో పుల్ల లాగి, దాన్ని నాకు కాక, అక్కకు కాక, బాబాయికి అందించాడు. నువ్వు కొయ్యవయ్యా, చెయ్యి గట్టిది కదా అన్నాడు. బాబాయి లుంగీ ఎగ్గట్టి పడవ కింద కూర్చుని, వదులుగా ఉన్న గోడల మధ్య పుల్ల పెట్టి కోయడం మొదలుపెట్టాడు. వదులుగా ఉన్న దాన్ని వదులుగానే ఉంచి చేసిన పని ఆయన జీవితంలో అదే మొదటిదేమో, నుదుటి మీద చెమటలు పట్టాయి. పుల్ల నిలిచాక చేత్తో అడ్డం పెట్టి, ఎవరూ దగ్గరికి రావద్దన్నాడు.

లేతు దుకాణానికి ఆయనే మాతో వచ్చాడు. పుల్లను చొక్కా జేబులో వేసుకుని, వన్ టౌన్ సందుల్లో ఆటోలూ తోపుడు బళ్లూ తగలకుండా గుండెమీద చెయ్యి పెట్టుకు నడిచాడు. దారిలో, మాకేసి చూడకుండా, పందెంలో ఎన్ని పడవలుంటాయని అడిగాడు. అక్క చెప్పింది. గాలి ఎదురైతే ఎలా పోతారని అడిగాడు. అక్క చెప్పింది. నడుస్తూ, పక్కపక్కన, ముఖాలు చూసుకోకుండా మాట్లాడుకున్నప్పుడు అక్క గొంతు ఎక్కడా తడబడలేదు. ఇదివరకు ఇంట్లో ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే ఇవే ప్రశ్నలకు నేల చూపులే జవాబని నాకు తెలుసు. మేస్త్రి పుల్ల అందుకుని, ఇది రెండోదేమిటని కూడా అడగలేదు. బాబాయే ఉండబట్టలేక, "నిన్నటిదీ నీ తప్పు కాదు మేస్త్రీ" అని చెప్పాడు. మేస్త్రి ఆయన్ని ఎగాదిగా చూసి పని చేసుకున్నాడు.

మర్నాడు కొత్త గొట్టంతో అన్నీ కూర్చాం. నట్టు చివరిదాకా బిగించమని తాతయ్య పానాను బాబాయికే ఇచ్చాడు. ఈసారి ఎంత బిగించినా ఫరవాలేదు, మోసేది గొట్టం కనుక. బాబాయి తనివితీరా బిగించాడు. నేను ఒక్క చేత్తో తాడు లాగితే పలక గుడి తలుపులా మెత్తగా తిరిగింది.

కాని అసలు పరీక్ష అది కాదు. బాబాయి చెప్పులు విప్పి, మెట్ల మీద జాగ్రత్తగా పెట్టి, పడవలోకి దిగాడు. దిగీ దిగగానే చుక్కాని దగ్గరున్న అక్కకు ఎదురుగా కూర్చుని, ఆమె చేతులకేసి చూడసాగాడు. అక్క చేతిలో తెరతాడు చిక్కుపడిపోవడం ముందు భాగంలో తాడు పట్టుకుని కూర్చున్న నాకు కనిపించింది. పడవలో మేము ముగ్గురమే. తాతయ్య మెట్ల మీదే ఆగిపోయాడు. పడవ తాడు విప్పకుండా, ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు పడవ అంచు మీద వేసి, బాబాయి భుజం తట్టాడు.

"అటు తిరిగి కూర్చో. ముందుకి చూడు."

"అటు తిరిగితే అదేటి సేత్తందో నాకెలా తెలుస్తాది బాబుగారూ?"

"పడవే చెబుతుంది" అన్నాడు తాతయ్య. "పుల్ల పడ్డప్పుడు చూశావు కదా. బిగించి కొలిస్తే బిగింపు కొలతే వస్తుంది, మనిషి కొలత రాదు" అన్నాడు.

బాబాయి కదలకుండా కూర్చున్నాడు. ఆయన ఒప్పుకోడేమో అనుకున్నాను. చివరికి రెండు చేతులతో అంచులు పట్టుకుని, పిల్లాడిలా మెల్లిగా అటు తిరిగి, కూతురికి వీపు పెట్టి, నాకెదురుగా కూర్చున్నాడు. తాతయ్య తాడు విప్పేశాడు.

సముద్రం మీంచి రేవు కాలువలోకి గాలి నిలకడగా వస్తోంది. అక్క తెర లాగిన క్షణం నుంచీ పడవ ఆమె మాట విన్నది. ఎదురుగాలికి అటూ ఇటూ మళ్లుతూ కొండ నీడ దాకా పోయాం. మళ్లిన ప్రతిసారీ బాబాయి అంచు గట్టిగా పట్టుకున్నాడు. పడవ లేచి నిలబడగానే పట్టు కొంచెం కొంచెంగా వదిలాడు. మూడో మలుపుకో నాలుగో మలుపుకో చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. తిరుగుదారిలో లోతు తక్కువైన ఇసుక మెరక దగ్గరికి వచ్చేసరికి అక్క వెనకనుంచి, పిల్లా అన్నట్టు నన్ను పిలిచే మాటతో, "గుంటా, పలక" అంది, ఎప్పటిలా, ఏ తొట్రుపాటూ లేకుండా. నేను తాడు లాగాను. పలక ఒక్క లాగుకు వచ్చేసింది. పడవ మెరక మీంచి జారిపోయింది. అడుగున ఇసుక రాసుకున్న చప్పుడు కూడా వినిపించలేదు. బాబాయి నాకేసి చూసి కనుబొమలు ఎగరేశాడు. ఆ ఒక్క క్షణం ఆయన ముఖం అక్క ముఖంలా ఉంది.

మెట్ల దగ్గర దిగాక ఆయన రెండు పాదాలూ ఒక్కొక్కటే ఎత్తి, అరచేత్తో తుడిచి చూసుకున్నాడు. పొడిగా ఉన్నాయి. పడవలోకి వంగి, పిన్ను దగ్గర వేలు పెట్టి చూశాడు. అలవాటుగా చెయ్యి జేబులోని పానా మీదికి పోయింది. అక్కడే ఆగింది. పానా బయటికి తియ్యకుండానే నిటారుగా లేచి, చెప్పులు తొడుక్కుంటూ, ఎవరికేసీ చూడకుండా, "రేపు పందెం ఎన్నింటికి?" అని అడిగాడు. అక్క చుట్టిన తెరనే మళ్లీ చుట్టసాగింది. నేను చెప్పాను.

పందెంలో అక్క గెలవలేదు. మధ్యలో ఎక్కడో వచ్చింది. వచ్చిన స్థానం కూడా నేను రాసి పెట్టుకున్నాను గాని, ఇక్కడ దానితో పని లేదు. బాబాయి గట్టున జనంలో నిలబడి, పడవ దగ్గరికి వచ్చినప్పుడల్లా పక్కకు తిరిగి సముద్రాన్ని చూశాడు. మా అమ్మమ్మ అది చూసి, ఆ పిల్ల తండ్రికి పందెమంటే ఇష్టం లేనట్టుందని పక్కవాళ్లతో చెప్పింది. నేను కాదన్నాను. ఎందుకు కాదో ఆ జనంలో వివరించలేకపోయాను. ఇప్పుడు వివరిస్తున్నాను.

బాబాయి నట్టు బిగించిన రోజున మా తాతయ్య దాన్ని చూశాడా లేదా అన్నది నాకు తెలియదు. ఆయన పొద్దున్నే ఆ మెట్ల దగ్గర టీ తాగే మనిషి. చూసి కూడా ఊరుకున్నాడేమోనని నాకు చాలాకాలం అనుమానం. పెద్దయ్యాక ఒకసారి సూటిగా అడిగాను. ఆయన మజ్జిగ ఒక గుక్క తాగి, అందులో ఉప్పు తక్కువైందన్నాడు.

తరవాత నేను ఈ ఊరి ఉక్కు కర్మాగారంలోనే తనిఖీ విభాగంలో చేరాను. నా ఉద్యోగమంతా కొలతలే. మొదటి రోజునుంచీ నా రిజిస్టరులో కొలత పక్కన నేనొక గడి అదనంగా గీసుకున్నాను. కొలిచినప్పుడు వస్తువు బిగించి ఉందా, వదులుగా ఉందా అని. పై అధికారులు అది అనవసరమని చాలాసార్లు అన్నారు. ఒకాయన ఆ గడిని ఎర్ర సిరాతో కొట్టేశాడు కూడా. నేను పక్క పేజీలో మళ్లీ గీశాను. రిటైరయ్యే దాకా గీస్తూనే ఉన్నాను.

అయినా నాకు ఎక్కువ కోపం తెప్పించేవి ఇనుప వస్తువుల కొలతలు కావు. మొన్న మా అపార్టుమెంటులో ఒక ఇంటికి పేరంటానికి వెళితే, నాలుగేళ్ల పాపను పదిమంది ఆడవాళ్ల మధ్య నిలబెట్టి, వచ్చిన పద్యమంతా అప్పజెప్పమన్నారు. పాప రెండో పాదం దగ్గర ఆగిపోయింది. మా పిల్లకు జ్ఞాపకశక్తి తక్కువని తల్లి నవ్వుతూ చెప్పింది, అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. ఆ పాపను బాల్కనీలోకి తీసుకెళ్లి, నా వీపు దానికి పెట్టి, కింద పోతున్న బస్సుల్ని చూస్తూ నిలబడ్డాను. కాసేపటికి నా వెనకనుంచి పద్యం మొత్తం, ఒక్క అక్షరం పోకుండా, వచ్చింది. లోపలికి వచ్చి ఆ తల్లికి నేను చెప్పవలసింది చెప్పాను. పేరంటంలో అలా మాట్లాడకూడదని తరవాత ఎవరో అన్నారట. అనుకోనీండి.

పడవ ఎప్పుడో పోయింది. తాతయ్యా బాబాయీ పోయారు. అక్క ఇప్పుడు సముద్రానికి దూరంగా ఉంటోంది. ఫోను చేసినప్పుడల్లా మొదట గాలి ఎటునుంచి వీస్తోందని అడుగుతుంది. ఆ పొట్టి గొట్టం మాత్రం నా దగ్గరే ఉంది. పనికిరాదని తాతయ్య విసిరేయబోతే నేను అడిగి తీసుకున్నాను. ఇప్పుడది నా రాతబల్ల మీద, గాలికి కాగితాలు ఎగరకుండా బరువుగా ఉంటుంది. ఎవరిమీదైనా ఒక అభిప్రాయం రాయబోయే ముందు దాన్ని చేతిలోకి తీసుకుంటాను. కాసేపటికి ఇత్తడి వెచ్చబడుతుంది. అది వెచ్చబడేదాకా కలం ముట్టుకోను.